రేసింగ్ మొదలుపెడుతున్నాను, పాత 193 సెంటీమీటర్ల స్కీలు కొనొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మినియాపోలిస్‌లో ఉంటాను. వయసు 38, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 74 కిలోలు. అయిదేళ్లుగా స్కీయింగ్ చేస్తున్నాను, ఈ చలికాలం మా దగ్గర్లోని బక్ హిల్ అనే స్కీ కొండ మీద రాత్రిపూట పెద్దవాళ్లకి పెట్టే రేసుల్లో చేరుదామని ఉంది. ఇప్పుడు నా దగ్గరున్నవి నడుము దగ్గర 84 మిల్లీమీటర్ల వెడల్పున్న మామూలు స్కీలు. ఒకాయన జెయింట్ స్లాలమ్ (గేట్లు, అంటే దాటాల్సిన కర్రలు, దూరదూరంగా పెట్టే రేసు) స్కీలు, పొడవు 193 సెంటీమీటర్లు, రేడియస్ (స్కీ దానంతట అది తిరిగే మలుపు కొలత) 30 మీటర్లు, బైండింగ్‌తో (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) సహా 200 డాలర్లకి ఇస్తానంటున్నాడు. అసలైన రేస్ స్కీలు కదా, తీసేసుకోనా?

జవాబు 1:
అన్నా, ఆగండి, ఇంకా డబ్బులు ఇవ్వకండి. అవి మంచి స్కీలే కానీ మీకు ఇప్పుడు పనికిరావు. 193, 30 అనేవి ఫిస్, అంటే అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య, మగవాళ్ల జెయింట్ స్లాలమ్‌కి పెట్టిన కొలతలు. స్కీని ఎంత పక్కకి వాలిస్తే మలుపు అంత బిగుస్తుంది. లెక్క ప్రకారం 30 మీటర్ల స్కీని 60 డిగ్రీలు వాలిస్తే 15 మీటర్ల మలుపు వస్తుంది, 45 డిగ్రీలే వాలిస్తే 21 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 60 డిగ్రీలు వాలి నిలబడాలంటే కావలసిన వేగం మనలాంటివాళ్లకి మొదటి ఏడాది రాదు. పైగా బక్ హిల్ నిలువెత్తు 300 అడుగుల పైచిలుకే. ఒలింపిక్ స్కీ విజేత లిండ్సే వాన్ చిన్నప్పుడు నేర్చుకున్న కొండ అది, తక్కువగా చూడట్లేదు, కానీ అంత పొడవు స్కీ వేగం అందుకునేలోపే కిందికి వచ్చేస్తాం.

నేను ఇదే పొరపాటు చేశాను. చవగ్గా దొరికాయని 2012 తర్వాతి స్కీలు కొన్నాను, అప్పట్లో నిబంధన 35 మీటర్లు. మూడో గేటు దగ్గర ప్రతిసారీ బయటికి కొట్టుకుపోయేవాణ్ణి, లాగి తిప్పబోయి మోకాలు బెణికి సగం సీజన్ ఇంట్లో కూర్చున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీకు 165 సెంటీమీటర్ల దగ్గర, రేడియస్ 12-14 మీటర్లున్న స్లాలమ్ (గేట్లు దగ్గరదగ్గరగా పెట్టే రేసు) రకం స్కీ చూడండి, షాపుల్లో మామూలు జనానికి అమ్మేది, ఫిస్ ముద్ర ఉన్నది కాదు. ఫిస్‌ది మరీ బిరుసుగా ఉంటుంది. గేట్లు దూరంగా పెట్టే రేసులకీ వెళ్తారనుకుంటే 175 దగ్గర, 17-18 మీటర్లది. కొలతలు స్కీ వెనక భాగంలో అచ్చేసి ఉంటాయి, చూశాకే బేరం మాట్లాడండి.

జవాబు 2:
బైండింగ్ సంగతి కూడా చూసుకోండి. పడ్డప్పుడు బూటు ఎంత బలానికి ఊడాలో పెట్టుకునే అంకెల స్కేలు రేస్ బైండింగ్‌లలో చాలాసార్లు పెద్ద అంకెతోనే మొదలవుతుంది. మీ బరువుకి, వయసుకి తగిన అంకె దానికన్నా తక్కువైతే పడ్డప్పుడు బూటు ఊడదు, కాలు మెలిపడుతుంది. సెట్టింగ్ షాపువాళ్ల చేతే చేయించండి.

ఇంకొకటి, డబ్బు ముందు బూట్లకి పెట్టండి. లోపలి మెత్తటి లైనర్ తీసేసి, ఉత్త గట్టి షెల్‌లో (పైతొడుగు) కాలు పెట్టి, వేళ్లు ముందు ఆనేలా జరిపి మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చూడండి. ఒక వేలు పట్టాలి, మహా అయితే కొంచెం ఎక్కువ. వదులు బూటుతో ఏ స్కీ వేసినా మాట వినదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ, స్కీలు వద్దని ఆయనకి చెప్పేశాను. స్కీల ఎడ్జ్‌లు (అడుగునుండే లోహపు అంచులు) ఎవరిచేత పదును పెట్టించాలి? మా ఆవిడ కూడా చేరతానంటోంది, తను 5 అడుగుల 2 అంగుళాలు.

జవాబు 1:
చెల్లెమ్మకి 150-155 స్లాలమ్ చాలు. పదును మొదటిసారి షాపులో పెట్టించండి, పక్క అంచు 3 డిగ్రీలు అని చెప్పండి. మెషీన్‌తో తయారుచేసే మంచు రాత్రికి రాయిలా గడ్డకడుతుంది, మొద్దు అంచు జారిపోతుంది. తర్వాత కోణం తప్పకుండా పట్టి ఉంచే ఒక గైడు, ఆకురాయి, డైమండ్ స్టోన్ కొనుక్కుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు, ప్రతి రేసు ముందు అయిదు నిమిషాల పని.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే లైనర్ తీసి చూశానండీ, మడమ వెనక మూడు వేళ్లు పడుతున్నాయి. శనివారం బూట్ల కోసమే వెళ్తున్నాం.