వాక్యం అయ్యాక స్పేస్ ఒకటా, రెండా? సావనీర్ పని ఆగింది, తేల్చండి

అమలాపురం డీటీపీ:
అందరికీ నమస్కారమండి. శుభలేఖలు, కరపత్రాలు, పంచాయతీ నోటీసులు మా మామూలు పని. ఈమధ్య ఒక హైస్కూలు పూర్వ విద్యార్థుల సావనీర్ వచ్చింది. అందులో వ్యాసాలు చాలావరకు టైపు చేసి పంపింది ఒక రిటైర్డ్ హెడ్ క్లర్కు గారు. ఫుల్‌స్టాప్ పడిన ప్రతిచోటా రెండు స్పేసులు కొట్టారు. నేను రీప్లేస్‌లో పెట్టి అన్నీ ఒకటికి తెచ్చాను. ప్రూఫ్ చూసి ఆయన, "వాక్యాలన్నీ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, మళ్ళీ రెండు పెట్టు" అంటున్నారు. కమిటీవాళ్ళేమో మీరూ మీరూ చూసుకోండన్నారు. ఆయన్నీ ఇక్కడికి రమ్మన్నాను. ఏది సరైనదో కాదు, ఎందుకో చెప్పండి. "ఎవరిష్టం వారిది" అని రాసేవాళ్ళకి ముందే దణ్ణం.

పాత రెమింగ్టన్:
ఆ హెడ్ క్లర్కుని నేనే. కామా తర్వాత ఒకటి, ఫుల్‌స్టాప్ తర్వాత రెండు. ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్ పేజీలకు పేజీలు కొట్టించాక మొదటి పేరా చేతికిచ్చిన రోజే మా మాస్టారు చెప్పిన రూలు ఇది. ఒక స్పేసు తగ్గితే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేవారు. ఇంగ్లీషు లోయర్, హయ్యర్, ఆ తర్వాత తెలుగు లోయర్ టైపు పరీక్షలన్నీ ఆ చేత్తోనే పాసయ్యాను. సర్వీసంతా నేను కొట్టిన ఉత్తరాలు అలాగే వెళ్ళాయి, ఒక్క ఆఫీసరు కూడా వంక పెట్టలేదు. ఇప్పుడు ఎవరో కుర్రాడు ఒక బటన్ నొక్కి తీసిపారేస్తే ఊరుకోవాలా?

ఫాంట్ల పిచ్చి, భీమవరం:
మాస్టారూ, మీ రూలు మీ మెషీనుకి కరెక్టే. ఇంగ్లీషు టైపు మెషీన్లో ఏ అక్షరం మీట నొక్కినా కేరేజీ ఒకే కొలత కదులుతుంది. ఇంగ్లీషు 'ఐ'కి ఎంత చోటో 'ఎమ్'కీ అంతే. అక్షరాల మధ్యే అంత ఖాళీ ఉంటే ఒక్క స్పేసు కంటికి ఆనదు, అందుకని రెండు. కంప్యూటర్లో గౌతమి ఫాంటు తీసుకున్నా, అనూ ఫాంట్లు తీసుకున్నా ఏ అక్షరానికి తగ్గ చోటు దానికుంటుంది. 'ర' పక్కన వృథా ఖాళీ లేదు, 'ఝ' ఇరుక్కోదు. రెండో స్పేసుకి ఇక పనేముంది? వెబ్‌సైట్లో మీరు పది స్పేసులు కొట్టినా బ్రౌజరు మామూలుగా ఒకటే చూపిస్తుంది. 2020 నుంచి వర్డ్ కూడా ఇంగ్లీషులో రెండు స్పేసులు కనిపిస్తే తప్పని గీత గీస్తోంది.

కేసు ముందు నిలబడ్డవాణ్ణి, రాజమండ్రి:
తమ్ముడూ, టైపు మెషీను వల్లే రెండు స్పేసులు వచ్చాయన్నట్టు మాట్లాడుతున్నావు. అది పుట్టకముందే ఇంగ్లీషు పుస్తకాల్లో వాక్యానికీ వాక్యానికీ మధ్య పెద్ద ఖాళీ వేసేవారు. పంతొమ్మిదో శతాబ్దపు పుస్తకం ఏదైనా తీసి చూడు, మాటల మధ్య ఖాళీకన్నా చుక్క తర్వాత ఖాళీ ఎక్కువ. టైపిస్టులు దాన్నే రెండు దెబ్బలతో అనుకరించారు.

నేను సీసం అక్షరాలు కూర్చినవాణ్ణి. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్, ఎదురుగా అక్షరాల గళ్ళపెట్టె, అదే కేసు. మా దగ్గర స్పేసంటే వేలికి తగిలే సీసం ముక్క. సన్నది, మధ్యరకం, ఎమ్ క్వాడ్ అనే వెడల్పాటిది, ఏది కావాలంటే అది. లైను చివర మాట పట్టకపోతే ముందు చెయ్యి వెళ్ళేది చుక్క తర్వాతి ముక్క మీదికే. అక్కడ కొంచెం తగ్గించినా, పెంచినా చదివేవాడి కంటికి తెలియదు. మాటల మధ్య పెంచితే వెంటనే తెలిసిపోతుంది. ఒకటా రెండా అన్న లెక్కే మాకు లేదు, లైనుని బట్టి ఎంత కావాలో అంత.

తెలుగు మాస్టారు, తణుకు:
అందరూ ఇంగ్లీషు రూలుతోనే కొట్టుకుంటున్నారు. ఇంగ్లీషులో చుక్క కనిపించకపోయినా పర్వాలేదు, తర్వాతి వాక్యం పెద్దక్షరంతో మొదలవుతుంది. మనకి పెద్దక్షరాలు లేవు. చుక్క ఒక్కటే ఆధారం, అదీ మనకి అచ్చుతో పాటు వచ్చిన అలవాటు. తాళపత్రాల్లో మాటల మధ్యే ఖాళీ ఉండేది కాదు, పద్యం ముగిస్తే నిలువు గీతలు గీసేవారు.

ఇక అమలాపురం ఉన్న జిల్లా పేరే చూడండి. "డా. బి. ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా" అని స్పేసులతో టైపు చేశారనుకోండి, ఒక్క పేరులో మూడు చుక్కలు, మూడు ఖాళీలు. వాటిలో ఏదీ వాక్యం చివర కాదు. ఆ ఖాళీకీ వాక్యం చివరి ఖాళీకీ తేడా లేకపోతే చదివేవాడు ప్రతి చుక్క దగ్గరా ఆగి చూసుకోవాలి. మన సావనీర్లలో సగం ఇనీషియల్సే కదండీ!

పాత రెమింగ్టన్:
ఆయ్, నేను మొత్తుకునేది అదే! పేరులో చుక్కకి ఒకటి, వాక్యం చుక్కకి రెండు. మాస్టారు నా పక్షం.

తెలుగు మాస్టారు, తణుకు:
నేను ఎవరి పక్షమూ కాదండి, ఇబ్బంది ఎక్కడుందో చెప్పానంతే.

ఫాంట్ల పిచ్చి, భీమవరం:
ఇనీషియల్స్ ఇబ్బంది నిజమే, ఒప్పుకుంటాను. కానీ దానికి మందు పేరులోనే ఉంది. "బి.ఆర్.అంబేడ్కర్" అని కలిపి కొట్టండి. చుక్క తర్వాత ఖాళీ ఉంటే వాక్యం అయినట్టు, లేకపోతే పేరు. పేరు లైను చివర విరిగి "డా." ఇక్కడా మిగతాది కింద లైన్లోనూ పడే బాధా తగ్గుతుంది. పైగా తెలుగు వాక్యం చాలావరకు క్రియతో ముగుస్తుంది. "వచ్చారు", "కట్టించింది" అనేసరికి వాక్యం అయిందని చదివేవాడికి ముందే తెలుసు.

అసలు గొడవ జస్టిఫై దగ్గర. రెండు అంచులూ సమానంగా రావాలంటే సాఫ్ట్‌వేర్ ఆ లైన్లో ఉన్న ప్రతి స్పేసునీ సాగదీస్తుంది. రెండు స్పేసులుంటే రెండూ సాగుతాయి. సావనీర్ పేజీ రెండు కాలమ్‌లు. మనకి "ఇవ్వవలసివచ్చిందనుకుంటున్నారు" లాంటి మాటలు తక్కువా? అది లైన్లో పట్టక కిందికి దిగితే పై లైన్లో మూడు మాటలే మిగులుతాయి, ఆ ఖాళీ అంతా వాటి మధ్య పంచాలి. అందులో ఒకచోట డబుల్ స్పేసుంటే అక్కడ వేలు పట్టేంత సందు. నాలుగైదు లైన్లు వరసగా అలా పడితే పేరా మధ్యలో పంట బోదె తవ్వినట్టుంటుంది. రాజమండ్రి బాబాయ్ గారు చేత్తో సర్దినట్టు ఈ మెషీను ఆలోచించి సర్దదు.

కేసు ముందు నిలబడ్డవాణ్ణి, రాజమండ్రి:
ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. మేం చుక్క దగ్గర తగ్గించి లైను బిగించేవాళ్ళం, ఇది చుక్క దగ్గరే పెంచుతోంది.

ఆత్రేయపురం అల్లుడు:
రెండు స్పేసులే మేలని అమెరికాలో రుజువైందని ఎక్కడో చదివాను. 2018లో, స్కిడ్‌మోర్ కాలేజీ వాళ్ళు ప్రయోగం చేశారు.

ఫాంట్ల పిచ్చి, భీమవరం:
చేశారు. 60 మంది విద్యార్థుల కళ్ళ కదలిక చూశారు. చుక్క దగ్గర చూపు కొంచెం తేలిగ్గా కదిలిందన్నారు, కానీ అర్థం చేసుకోవడంలో తేడా ఏమీ రాలేదు. చదివించింది కొరియర్ న్యూ ఫాంట్లో, అంటే టైపు మెషీను లాంటి అక్షరాల్లోనే. పైగా ఇంగ్లీషు. దాన్ని తెచ్చి తెలుగు కాలమ్‌కి అతికిస్తే ఎలా? రెండు పెట్టమన్న వాళ్ళూ మారారు. 2009లో రెండు మంచిదన్న అమెరికా సైకాలజీ సంఘం స్టైల్ పుస్తకమే 2019లో ఒకటికి వచ్చేసింది.

లంకల కుర్రోడు:
ఫోన్లో ఇంగ్లీషు కీబోర్డుకి స్పేసు రెండుసార్లు కొడితే దానంతటదే ఫుల్‌స్టాప్ పడుతుంది. మా నాన్న టైపు నేర్చుకున్న మనిషి, అలవాటుగా రెండు కొడతారు. ఆయన మెసేజీల్లో ఎక్కడ ఎన్ని చుక్కలుంటాయో దేవుడికే తెలియాలి 😂

అమలాపురం డీటీపీ:
ఒకే పేజీ రెండు రకాలుగా ప్రింట్ తీసి హెడ్ క్లర్కు గారి ముందు పెట్టాను. ఒకటి డబుల్ స్పేసుతో, ఇంకోటి సింగిల్ స్పేసుతో ఇనీషియల్స్ కలిపి. డబుల్ ఉన్నదాంట్లో రెండో కాలమ్ మధ్యలో సందు ఆయనే వేలు పెట్టి చూపించారు. నా అభిప్రాయం: వాక్యాల మధ్య ఒకటే, పేర్లలో చుక్కలకి స్పేసు లేదు, పద్యాల చివర నిలువు గీతలు ఉన్నవి ఉన్నట్టే.

పాత రెమింగ్టన్:
సందు చూశాను, కాదనను. అది జస్టిఫై చెయ్యబట్టి వచ్చింది గాని రెండో స్పేసు తప్పు కాదు. కుడి అంచు వదిలేసి కొడితే నాదే బాగుంటుంది. అయినా కమిటీకి రెండు అంచులూ సమానంగా ఉంటేనే అందమట, కానివ్వండి.

కానీ బాబూ, నీ రీప్లేస్‌తో ఇంకో పని జరిగింది. చివరి పేజీలో దాతల జాబితా నేను స్పేసులు కొట్టి వరసగా సర్దాను, పేరు ఎడమవైపు, ఇచ్చిన డబ్బు కుడివైపు. ఇప్పుడు అంకెలన్నీ పేర్లకి అతుక్కుపోయాయి. పదివేలు ఇచ్చినాయనది ఎక్కడో, వెయ్యి ఇచ్చినాయనది ఎక్కడో. ఇది అచ్చయి ఊళ్ళోకి వెళ్తే స్పేసుల గొడవ ఎవరికీ గుర్తుండదు.

కేసు ముందు నిలబడ్డవాణ్ణి, రాజమండ్రి:
జాబితాకి స్పేసులు వద్దండి, ట్యాబ్ పెట్టించండి. అంకెలు కుడివైపుకి ఆనేలా. అచ్చుకి ఇచ్చేముందు రసీదు పుస్తకం పక్కన పెట్టుకుని మీరిద్దరూ కూర్చుని ఒక్కో పేరూ పైకి చదవండి.