బైపాస్ రెండుసార్లు వాయిదా పడ్డది, గోలీల సంగతి ఎవర్ని అడగాలె?

మాది పరకాల, నాకు 58 ఏండ్లు. గుండెల మూడు బ్లాకులున్నయి, బైపాస్ చేయాలన్నరు. ఆరోగ్యశ్రీ అప్రూవల్ వచ్చినా ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడ్డది. మొదట ఐసీయూల బెడ్ లేదన్నరు. రెండోసారైతే ఛాతి మీద వెంట్రుకలు గీసి, రాత్రంత ఏం తిననియ్యక, పొద్దున పదకొండింటికి ఇంటికి పొమ్మన్నరు.

నా అసలు భయం గోలీలది. ఆపరేషన్‌కని 5 రోజుల ముందు క్లోపిడోగ్రెల్ బంద్ చేయించిండ్రు. రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే గోలీ అది. మళ్ల మొదలుపెట్టాల్నా వద్దా అన్నది డిశ్చార్జి కాగితంల రాయనే లేదు. మెట్లెక్కితే ఆయాసమొస్తుంది. రాత్రి మా ఇంటామె నా ఛాతి మీద చెయ్యి వేసుకునే పడుకుంటది.

ఇట్ల వాయిదా పడ్డోళ్లు ఎవరన్న ఉన్నరా? గోలీల గురించి సర్జన్‌నే అడిగిండ్రా, కార్డియాలజిస్టునా? దవాఖానల ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రకు చెప్తే తారీఖు జల్ది దొరుకుతదా? వేరే దవాఖానకు మారితే అప్రూవల్ మళ్ల మొదటికొస్తదా? జర చెప్పండి అన్నా, అక్కా.