త్రీ వ్యాలీస్‌లో తొలి వారం: 600 కిలోమీటర్ల పాసా, ఒక్క వ్యాలీ పాసా?

రైన్‌తీరం:
జనవరి చివరి వారం, శనివారం నుంచి శనివారం దాకా, ఫ్రాన్స్‌లోని త్రీ వ్యాలీస్ స్కీ ప్రాంతానికి ఆరుగురం వెళ్తున్నాం. ఇద్దరు ఇంతవరకూ కాలికి స్కీలు కట్టనివాళ్లు, ఇద్దరు బ్లూ స్లోపులు (తేలిక వాలు దారులు) నిబ్బరంగా దిగేవాళ్లు, ఇద్దరు రెడ్‌లు (అంతకన్నా కష్టమైనవి) దిగేవాళ్లు. నలుగురం జర్మనీ నుంచి కారులో, మిగతా ఇద్దరు లండన్ నుంచి వస్తారు. అందరికీ మొత్తం ఏరియా పాసే (అన్ని లోయల లిఫ్టులకూ చెల్లే టికెట్) కొందామని ముగ్గురు, ఒక్క వ్యాలీ పాస్ చాలని ముగ్గురు. బస వాల్ తోరెన్స్‌లోనా మెరిబెల్‌లోనా అన్నదీ తేలలేదు. దయచేసి కారణాలతో సహా చెప్పండి.

మంచుదారి:
మొత్తం పాసే కొనండి. కూర్షెవెల్, మెరిబెల్, లె మెన్యుయిర్, వాల్ తోరెన్స్, ఆ వెనక ఓరెల్, అన్నీ లిఫ్టులతో ఒకదానికొకటి కలిసిన 600 కి.మీ. స్లోపులు. అక్కడిదాకా వెళ్లి ఒక్క లోయలో తిరిగి రావడమంటే అంత దూరం వెళ్లింది దేనికి? పొద్దున ఒక లోయలో బయల్దేరి, శిఖరం దాటి, మధ్యాహ్నం భోజనం పక్క లోయలో చేసి తిరిగి రావడమే ఆ చోటి అసలు రుచి.

బస మెరిబెల్‌లో పెట్టుకోండి. అది మూడు లోయల్లో నడిమిది. షోదాన్ అనే కూడలి నుంచి సోలీర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 2,700 మీటర్ల గట్టు మీద దిగుతారు, అవతల కూర్షెవెల్. అదే కూడలి నుంచి తూన్యెత్ లిఫ్ట్ ఎక్కితే ఇంకో గట్టు, అవతల సెయింట్ మార్టిన్, లె మెన్యుయిర్. ఎటు వెళ్లినా దాటాల్సింది ఒక్క గట్టే. వాల్ తోరెన్స్‌లో ఉంటే కూర్షెవెల్‌కి రెండు గట్లు దాటాలి, తిరిగి రావడానికి మళ్లీ రెండు.

నీలిరేఖ:
మంచుదారి గారూ, మీరు రెడ్ దిగేవాళ్ల కళ్లతో చూస్తున్నారు. ఈ ఆరుగురిలో అలాంటివాళ్లు ఇద్దరే.

600 అంకె చూసి మోసపోవద్దు. ఒక్క మెరిబెల్ వ్యాలీలోనే దాదాపు 150 కి.మీ. ఉంది. బ్లూ దిగేవాళ్లకు అది ఆరు రోజులకూ సరిపోయి మిగులుతుంది. కొత్తవాళ్ల సంగతి మరీనూ. మొదటి రెండు రోజులు వాళ్లు మ్యాజిక్ కార్పెట్ (నిలబడితే పైకి తీసుకెళ్లే బెల్టు), దాని పక్కనున్న చిన్న లిఫ్ట్ దాటి ఎక్కడికీ పోరు. స్కీ స్కూల్ గ్రూప్ క్లాసు పూటకే సరి. మిగతా పూట తొడలు సహకరించవు. కొన్ని రిసార్టుల్లో నర్సరీ (నేర్చుకునేవాళ్ల) లిఫ్టులకు టికెట్టే ఉండదు, మరికొన్నిట్లో కొత్తవాళ్లకు విడిగా చవక పాస్ ఉంటుంది. అలాంటివాళ్ల చేతికి ఆరు రోజుల మొత్తం పాస్ ఇవ్వడం డబ్బు పారబోయడమే.

లెక్క ఇలా వేయండి. ఆరు రోజుల మొత్తం పాస్ ధరలోంచి ఒక్క వ్యాలీ పాస్ ధర తీసేయండి. మిగిలిన మొత్తాన్ని మీరు నిజంగా గట్టు దాటే రోజులతో భాగించండి. నాలుగు రోజులు దాటేవాడికి రోజుకు పడేది కొంచెమే, ఒక్కరోజు దాటేవాడికి ఆ ఒక్కరోజే బరువు. వ్యాలీ పాస్ ఉన్నవాళ్లకు ఒక్కరోజు ఎక్స్‌టెన్షన్ (ఆ రోజుకు మిగతా లోయలకూ పొడిగింపు) అమ్మే పద్ధతి ఉంది. మీ సీజన్ రేట్ల పట్టికలో అది ఉందో లేదో చూసుకోండి. ఉంటే వాతావరణం బాగున్న రోజు చూసి కొనుక్కోవచ్చు. ఈ వెసులుబాటు ముందే కొన్న మొత్తం పాస్‌లో లేదు.

మంచుదారి:
కొత్తవాళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ బ్లూ వాళ్లను ఒక్క లోయకు కట్టేయడం ఒప్పుకోను. వాళ్లు దిగగలిగే దారులు గట్టుకు రెండు వైపులా ఉన్నాయి. మెరిబెల్ నుంచి కూర్షెవెల్‌కి సోలీర్ మీంచి దిగడం నిటారుగా అనిపిస్తే, కొల్ ద లా లోజ్ మీదుగా మెత్తగా వెళ్లే దారి పట్టవచ్చు. ఇంకో సంగతి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి కొంటే ఇచ్చే తగ్గింపు మీ సీజన్‌లో ఉంటే, అది అందరూ ఒకే రకం పాస్ తీసుకుంటేనే వర్తిస్తుంది. తలో రకం కొంటే అది పోతుంది. మీ తీసివేతలో అది కూడా కలపండి.

గాలివాటు:
మీ ఇద్దరూ ఎండ కాసే రోజు లెక్కలే వేస్తున్నారు. జనవరిలో తుఫాను పట్టిన రోజు ఏమవుతుందో చూడాలి.

గాలి పెరిగితే మొదట మూసేది గట్ల మీది లిఫ్టులనే. సోలీర్, మోంత్ ద లా షాంబ్ర్, సీమ్ కారోన్ అన్నీ ఆగిపోతాయి. ఆ రోజు మీ జేబులో ఏ పాస్ ఉన్నా మీరున్నది ఒక్క లోయే. అలాంటి రోజు వాల్ తోరెన్స్‌లో ఉండటం కష్టం. ఊరే 2,300 మీటర్ల మీద ఉంది, చెట్టన్నది ఉండదు. మబ్బు దిగితే నేలా ఆకాశం ఒకటే తెలుపు. ఎత్తుపల్లాలు కనబడవు, నిలబడ్డారో జారుతున్నారో కూడా తెలియదు. కొత్తవాళ్లకు కళ్లు తిరిగేది ఇక్కడే. అదే మెరిబెల్ ఆల్టిపోర్ట్ (కొండ మీది చిన్న విమానాశ్రయం) చుట్టూ, కూర్షెవెల్ కింద లె ప్రా, లా తానియా వైపు దారులు ఫర్ చెట్ల మధ్య సాగుతాయి. చెట్ల నలుపు పక్కనుంటే కంటికి ఆనవాలు దొరుకుతుంది, గాలీ తగ్గుతుంది.

వాల్ తోరెన్స్ గొప్పతనం వేరే నెలల్లో. నవంబర్ చివర, ఏప్రిల్‌లో మంచు గ్యారంటీ కావాలంటే అక్కడికే వెళ్లాలి. జనవరి చివర 1,450 మీటర్ల మెరిబెల్‌కు ఆ భయం తక్కువ. సముద్రమట్టం నుంచి వచ్చి తిన్నగా 2,300లో పడుకుంటే మొదటి రాత్రి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం కూడా మామూలే.

నీలిరేఖ:
చెట్ల మాట నిజం. కానీ మెరిబెల్ అన్నారు కదా అని ఆ లోయలోనే పైనున్న మొత్తారేలో గది తీసుకోకండి. అది 1,750 మీటర్ల మీద, గట్లు దాటేవాళ్లకు మంచి చోటు. కొత్తవాళ్లకు మాత్రం కాదు. అక్కణ్నుంచి మెరిబెల్‌కి దిగే త్రూయిత్ అనే గ్రీన్ (అన్నిటికన్నా తేలిక) దారి వాలు తక్కువే గానీ, సాయంత్రం ఇంటిదారి పట్టినవాళ్లంతా అందులోనే దూసుకొస్తారు. నేర్చుకునేవాళ్లకు సరైన చోటు ఆల్టిపోర్ట్ గ్రీన్‌లు. షోదాన్ నుంచి రోడోస్ లిఫ్ట్ అటే వెళ్తుంది.

మంచుదారి:
సరే, గట్లు దాటేవాళ్ల కోసం టైమింగ్ చెప్తాను. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

మెరిబెల్ నుంచి వాల్ తోరెన్స్‌కి: మొత్తారే చేరి, ప్లాతియేర్ లిఫ్ట్ ఎక్కి, అక్కణ్నుంచి కోత్ బ్రూన్ చైర్‌లిఫ్ట్‌తో మోంత్ ద లా షాంబ్ర్ మీదికి. 9 గంటలకే మొదలుపెట్టండి. ఒంటిగంటకు మీరు ఇంటికి దూరంగా ఉన్న చివరి బిందువు దగ్గర ఉండాలి, రెండున్నరకు తిరుగు మొహం పట్టాలి. గట్టు లిఫ్టులు జనవరిలో మార్చి కన్నా ముందే మూస్తారు. ఒక్కోదానికి ఒక్కో టైము. పొద్దున ఎక్కేటప్పుడే లిఫ్ట్ కింద బోర్డు మీది మూసే సమయాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. చివరి లిఫ్ట్‌కు అరగంట ముందు క్యూలో లేకపోతే ఆ లిఫ్ట్ మీది కాదనుకోండి.

తప్పిపోతే? కూర్షెవెల్ నుంచి వాల్ తోరెన్స్‌కి స్కీల మీదైతే రెండు గట్లే. రోడ్డు మీదైతే మూతియే పట్నం దాకా దిగి మళ్లీ ఎక్కాలి, దాదాపు 60 కి.మీ. ఘాట్ రోడ్డు. రాత్రిపూట స్కీలతో ఆరుగురికి టాక్సీ దొరకాలి, దొరికితే మీరు పాస్ మీద మిగుల్చుకున్నదంతా దానికే పోతుంది. బస నడి లోయలో ఉండాలని అన్నది అందుకే.

శనివారం_బండి:
పాస్ గురించి ఇంత వాదించుకుని ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. స్లోప్ మీద కాలు విరిగితే స్లోపుల రక్షణ సిబ్బంది స్లెడ్జ్ మీద దించుతారు. ఫ్రాన్స్‌లో ఆ దింపుడుకు బిల్లు గాయపడ్డవాళ్లకే వస్తుంది. లండన్ నుంచి వచ్చే ఇద్దరివి భారత పాస్‌పోర్టులైతే షెంగెన్ వీసా కావాలి, దానికి కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ చూపాలి. ఆ పాలసీ చేతిలో ఉంది కదా అని ఊరుకోవద్దు. చాలా మామూలు పాలసీల్లో శీతాకాలపు ఆటలు మినహాయింపు కింద ఉంటాయి. పాలసీ కాగితంలో ‘స్కీయింగ్’, ‘పిస్ట్ రెస్క్యూ’ (స్లోప్ మీంచి దింపే ఖర్చు) అన్న మాటలు వెతకండి. లేకపోతే పాస్‌తో పాటు రోజువారీగా అమ్మే కార్రే నేజ్ అనే స్కీ ఇన్సూరెన్స్ తీసుకోండి, రోజుకు కొద్ది యూరోలే. వీసా దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. జనవరికి డిసెంబర్‌లో మొదలుపెట్టకండి. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు వీసా అక్కర్లేదు గానీ పాస్‌పోర్టు, పర్మిట్ రెండూ వెంట ఉండాలి.

కారులో వచ్చేవాళ్లు: నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఆ కొండ ప్రాంతంలో వింటర్ టైర్లు లేదా చైన్‌లు తప్పనిసరి. స్విట్జర్లాండ్ మోటర్‌వేల మీదుగా వస్తే వీన్యెత్ (మోటర్‌వే రుసుము స్టిక్కర్) కొనాలి. శనివారం మధ్యాహ్నం ఆల్బర్‌విల్ నుంచి మూతియే దాకా బళ్లు పాకుతాయి, ఎందుకంటే వారం బసలన్నీ ఆ రోజే మారతాయి. తెల్లవారుజామున చేరేలా బయల్దేరండి. ఫిబ్రవరిలో ఫ్రెంచ్ స్కూల్ సెలవులు విడతలవారీగా నాలుగు వారాలు నడుస్తాయి. జనవరి ఎంచుకుని మంచి పని చేశారు.

నీలిరేఖ:
కొత్తవాళ్ల వారం పాడయ్యేది పాస్ వల్ల కాదు, బూట్ల వల్ల. అద్దె షాపులో మెత్తగా, వదులుగా ఉన్నదే హాయిగా అనిపిస్తుంది. అదే తప్పు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే వేళ్లు వెనక్కి జరగాలి, మడమ పైకి లేవకూడదు. పల్చటి పొడుగు సాక్స్ ఒక్క జతే. రెండు జతలు వేస్తే రక్తం ఆగి పాదం ఇంకా చల్లబడుతుంది. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు, ఆ మడతే పిక్క ముందు ఎముకను కోస్తుంది. స్కీ పొడవు గడ్డం నుంచి ముక్కు మధ్య ఉంటే చాలు. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే క్లిప్పు) బిగింపును బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు అడుగు పొడవు చూసి పెడతారు. బరువు తగ్గించి చెప్తే పడకుండానే స్కీ ఊడిపోతుంది, అనుభవం పెంచి చెప్తే పడ్డా ఊడదు, మోకాలు తిరిగిపోతుంది. బూటు నొప్పి పెడితే ఆ సాయంత్రమే షాపుకు వెళ్లి మార్పించండి, ఊరకే మారుస్తారు.

రైన్‌తీరం:
అందరికీ ధన్యవాదాలు. బస మెరిబెల్‌లో, షోదాన్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలో చూస్తాం. రెడ్ వాళ్లిద్దరికీ మొత్తం పాస్, కొత్తవాళ్లకు నర్సరీ పాస్, బ్లూ వాళ్లకు మెరిబెల్ పాస్ తీసుకుని ఎక్స్‌టెన్షన్ ఉంటే ఒక్కరోజు కలుపుకుంటాం. ఒక్క అనుమానం మిగిలింది. బ్రీద్ లె బాఁలో గదులు చాలా చవక, అక్కణ్నుంచి కేబిన్ లిఫ్ట్ నేరుగా షోదాన్‌కే వస్తుందట కదా?

గాలివాటు:
వస్తుంది, ఓలింప్ అంటారు, ఎక్కడానికి సుమారు 25 నిమిషాలు. ఊరు 600 మీటర్ల మీద ఉంటుంది, మంచు ఉండకపోవచ్చు. అందరూ రెడ్ దిగేవాళ్లయితే తీసుకోమనేవాణ్ని. మీలో కొత్తవాళ్లు క్లాసు అయ్యాక, తడిసి అలసి, మిగతావాళ్ల కోసం కింద కాచుకోకుండా మధ్యాహ్నమే గదికి పోవాలనుకుంటారు. అందుకు షోదాన్ పక్క గదే మేలు.

మంచుదారి:
ఒక చిన్న మాట. పాస్ కార్డును జాకెట్ ఎడమ జేబులో ఒంటరిగా పెట్టండి. గేటులో రీడర్ ఎడమవైపే ఉంటుంది. పక్కనే ఫోన్, బ్యాంక్ కార్డు ఉంటే అది చదవదు, వెనక క్యూ ఆగిపోతుంది. బ్లూ వాళ్లు గట్టు దాటే రోజును బుధ, గురువారాల్లో పెట్టుకోండి. అప్పటికి కాళ్లు అలవాటవుతాయి. వాతావరణం చెడిపోతే వాయిదాకు ఇంకో రోజు కూడా చేతిలో ఉంటుంది.