మానసిక వైద్యానికి బీమా క్లెయిము తిరస్కరిస్తే ఏమి చేయాలి?

బొబ్బిలి పాఠకురాలు:
బైపోలార్ వ్యాధి తిరగబెట్టడంతో మా తమ్ముడిని విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. పాలసీ తీసుకుని నాలుగేళ్లు దాటినప్పటికీ, మానసిక రుగ్మతలు మినహాయింపు కిందికి వస్తాయన్న ఒక్క వాక్యంతో క్లెయిము తిరస్కరించారు. ఏ నిబంధన ప్రకారమో ఆ లేఖలో లేదు. ఇటువంటి అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.

రాజాం మాస్టారు:
అమ్మా, ఆ వాక్యం చట్టం ముందు నిలవదు. శారీరక వ్యాధులకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక వ్యాధులకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21(4) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. చట్టం 2018 మేలో అమల్లోకి రాగా, ఆగస్టులోనే బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు ఆదేశాలు పంపింది. అయినా పాత మినహాయింపులు పాలసీ కాగితాల్లో అలాగే ఉండిపోవడంతో, 2021లో ఢిల్లీ హైకోర్టు వాటిని తప్పుపట్టింది; 2022 అక్టోబరు 31 లోగా ప్రతి ఆరోగ్య బీమా పాలసీలోనూ మానసిక వ్యాధులను చేర్చాలని ఐఆర్‌డీఏఐ మరోసారి ఆదేశించింది. (ఒకసారి చెబితే వినేవారికి రెండో ఆదేశం ఎందుకు?)

మా అమ్మాయి విషయంలో నేను నిబంధన సంఖ్య రాసి ఇమ్మని అడిగితే, కారణమే మారిపోయింది. ఈసారి ‘పాలసీకి ముందు నుంచీ ఉన్న వ్యాధి’ అన్నారు. మీకూ ఆ జవాబే రావచ్చు. అటువంటి వ్యాధులకు వేచి ఉండవలసిన కాలం 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు మాత్రమేనని గుర్తుంచుకోండి.

పలాస నుంచి ఒకరు:
అసలు చిక్కు ప్రపోజల్ ఫారంలోనే (పాలసీ కోసం నింపే దరఖాస్తు) మొదలవుతుంది. మా ఇంట్లో ఏజెంటు ప్రశ్నలేవీ చదివి వినిపించకుండా, వరుసగా ‘లేదు’ గడుల్లో టిక్కులు పెట్టి సంతకానికి ఇచ్చాడు. వాడుతున్న మాత్రల పేర్లు పక్కన మేమే రాయించాము కాబట్టి దాచారన్న మాట పడలేదు. అయిదేళ్లు నిరంతరాయంగా పాలసీ నడిస్తే, మోసం రుజువైతే తప్ప ఆ అభ్యంతరం కుదరదు.

టెక్కలి వాసి:
చట్టాన్ని మరీ పొగడనక్కరలేదు. మానసిక వైద్యంలో అధిక భాగం ఆసుపత్రిలో చేరకుండా, ఓపీలోనే సాగుతుంది. నెలనెలా విశాఖ ప్రయాణం, డాక్టరు ఫీజు, మందులు, లిథియం మందు వాడేవారికి రక్తపరీక్షలు. చట్టం కోరినది సమానత్వం మాత్రమే గనుక, జ్వరానికి ఓపీ ఖర్చు ఇవ్వని పాలసీ దీనికీ ఇవ్వదు. అందుకే మావాళ్లం చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలనే నమ్ముకున్నాము.

బొబ్బిలి పాఠకురాలు:
కంపెనీకి ఫిర్యాదు పంపాను. వారు స్పందించకపోతే?

రాజాం మాస్టారు:
నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. ఏడాది గడువు మాత్రం దాటనివ్వకండి. దానికి ముందు డిశ్చార్జి సమ్మరీలో వ్యాధి ఎప్పటి నుంచి ఉందని రాశారో చూసి, తేదీ పొరపాటుగా పడి ఉంటే డాక్టరుగారి చేత సరిచేయించి జతపరచండి.