నల్గొండలో వదిన, నేను కలిసి లేడీస్ ఫిట్‌నెస్ స్టూడియో: 8 లక్షలు ఎట్ల పెట్టాలె?

రామగిరి_మరదలు

నమస్తే. రామగిరి దగ్గర ఒక ఇంటి మొదటి అంతస్తులో 1,100 చదరపు అడుగుల హాలు చూసినం. కిరాయి 16 వేలు. పెట్టుబడి 8 లక్షలు: వదినవి 5, నావి 3. ట్రైనర్ సర్టిఫికెట్ నాకుంది, క్లాసులు నేను తీసుకుంటా. లెక్కలు, అడ్మిషన్లు వదిన చూసుకుంటది. మూడు సంగతులు తేలుతలేవు. లాభం సగం సగం అని రాసుకుంటే సరిపోతదా? నాలుగు ట్రెడ్‌మిల్స్ లేకుంటే ఎవరూ చేరరని డీలర్ అంటున్నడు, నిజమేనా? ఓపెనింగ్ ఆఫర్ ఏడాదికి 6 వేలు పెడదామని వదిన అంటది, పెట్టొచ్చా?

పద్దు_పుస్తకం

మొదటిదానికి జవాబు చెప్తాను. సగం సగం అన్న ఒక్క మాటతో ఆగితే ఇద్దరికీ నష్టమే. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం డీడ్‌లో, అంటే భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, వేరే రాసుకోకపోతే లాభనష్టాలు సమానం, పనిచేసే భాగస్వామికి జీతం లేదు, పెట్టుబడికి వడ్డీ లేదు. అంటే పొద్దున ఐదింటికి లేచి క్లాసులు చెప్పినందుకు మీకు విడిగా రూపాయి రాదు. 2 లక్షలు ఎక్కువ పెట్టినందుకు మీ వదినకూ ఏమీ రాదు.

ముందు కష్టానికి జీతం, తర్వాత పెట్టుబడికి వడ్డీ, ఆ పైన మిగిలిందే లాభం అని వరుసగా రాయించండి. ఉదాహరణకు కిరాయి, కరెంటు అన్నీ పోను నెలకు 40 వేలు మిగిలాయనుకుందాం. మీ జీతం 15 వేలు. 8 లక్షల మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అంటే నెలకు 8 వేలు, అందులో వదినకు 5, మీకు 3. మిగతా 17 వేలు చెరి సగం. లెక్క తేలితే మీకు 26,500, వదినకు 13,500. వదిన కూడా రోజూ రెండు గంటలు కౌంటర్‌లో కూర్చుంటే ఆమెకూ జీతం రాయాలి, చిన్నదైనా సరే. 12 శాతం దాకా వడ్డీ ఫర్మ్ ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చెల్లుతుంది, కానీ డీడ్‌లో ఆ మాట ఉండాలి.

విడిపోయే షరతు కూడా ఇప్పుడే, మంచిగా ఉన్నప్పుడే రాసుకోండి. ఎవరు తప్పుకుంటే సామాన్లకు ఎంత తరుగుదల వేయాలి, ఎన్ని నెలల వాయిదాల్లో డబ్బు ఇవ్వాలి, హాలు ఎవరికి ఉంటుంది. ఆ తర్వాత ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించండి. తప్పనిసరి కాదు గానీ, రిజిస్టర్ కాని ఫర్మ్ అడ్వాన్స్ తీసుకుని మెషిన్ ఇవ్వని డీలర్ మీద కోర్టులో దావా వేయలేదు.

కిరాయి అగ్రిమెంటు ఫర్మ్ పేరు మీదే ఉండాలి, మీ అన్న పేరు మీద కాదు. అద్దాలు, రబ్బర్ ఫ్లోర్ వేశాక ఖాళీ చేయమంటే ఆ ఖర్చంతా గంగపాలే, అందుకని 11 నెలల కాగితం వద్దు. మూడేళ్ల లీజు రిజిస్టర్ చేయించుకోండి. క్యూఆర్ కోడ్ కూడా ఫర్మ్ కరెంట్ అకౌంట్‌దే పెట్టండి. వదిన ఫోన్‌కు వచ్చిన ఫీజు ఇంటి కూరగాయల్లో కలిసిపోతే నెలాఖరున ఎవరూ విడదీయలేరు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితేనే. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌లకు 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) ఉండదు. మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్ మాత్రం మొదటి రోజు నుంచే కావాలి.

ఇనుప_ప్లేటు

నాలుగు ట్రెడ్‌మిల్స్ అస్సలొద్దు. లెక్క చూడుండ్రి. మెషిన్ 7 అడుగుల పొడుగు, 3 అడుగుల వెడల్పు. మనిషి జారితే గోడకు కొట్టుకోకుండ వెనుక ఆరున్నర అడుగులు, పక్కన అడుగున్నర ఖాళీ విడవాలె. అంటే ఒక్కోటి 60 చదరపు అడుగులు తింటది, నాలుగు కలిపి 240. బాత్రూం, కౌంటరు, చెప్పుల స్టాండు పోంగ మీకు మిగిలేది 800. క్లాసుల ఒక్క మనిషికి 50 కావాలె. ఆ నాలుగు మెషిన్ల కోసం బ్యాచ్‌కు ఐదుగురిని పోగొట్టుకుంటరు. ఒక్కటి కొనుండ్రి చాలు, అది గూడ ఏసీ మోటారుది. ఇంట్ల వాడే డీసీ మోటారుది జిమ్‌ల పెడితే వారంటీ ఎగిరిపోతది.

దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగ 4 స్క్వేర్ ఎంఎం వైరు, 16 ఆంప్ సాకెట్, గట్టి ఎర్తింగు. బెల్టు కింద సిలికాన్ ఆయిలే వెయ్యాలె, కొబ్బరినూనె, ఇంజనాయిల్ వద్దు. మన దిక్కు ఎండకాలం దుమ్ము బెల్టు కిందికి పోతది. రాపిడి పెరిగి మోటారు ఎక్కువ కరెంటు గుంజుతది, ఆఖరికి కంట్రోలర్ బోర్డు కాలుతది. బరువున్న మనిషి మెల్లగ నడిచినప్పుడే మోటారు మీద లోడెక్కువ, ఉరికినప్పుడు కాదు.

మీటరు ఇంటి కేటగిరీల ఉంటే ముందు కమర్షియల్‌కు మార్పించుండ్రి. లేకుంటే తనిఖీల దొరికినప్పుడు విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు రేటు వేస్తరు.

స్లాబు సంగతి డీలర్ చెప్పడు. ఇంటి స్లాబు చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన కడతరు. ఒక్క ట్రెడ్‌మిల్ పోంగ మిగిలిన జాగల బ్యాచ్‌కు 14 మంది పడతరు, వాళ్లకు ఈ డంబెల్స్ సరిపోతయి: 2 కిలోలవి 6 జతలు, 3 కిలోలవి 8, 5 కిలోలవి 8, ఏడున్నరవి 4, 10 కిలోలవి 3. కెటిల్‌బెల్స్ (పైన పిడి ఉన్న గుండు బరువులు) 8 కిలోలవి 4, 12 కిలోలవి 2. మొత్తం 328 కిలోలు. అదంతా హాలు నడుమ ఒకే ర్యాకుల పెట్టకుండ్రి. రెండు ర్యాకులు చేసి, కింద బీమ్ ఉన్న గోడల పొంటి పెట్టుండ్రి. రబ్బర్ మ్యాట్ దెబ్బను, చప్పుడును తగ్గిస్తది గాని స్లాబుకు బలం ఇయ్యదు. అందరు ఒకే తాళానికి ఎగిరే స్టెప్పులు ఆ అంతస్తుల వద్దు.

ఒక మాట మర్చిపోయిన. ప్లేట్లు ఎక్కించే ఇనుప బార్ కొంటే 15 కిలోల లేడీస్ బార్ కొనుండ్రి, దాని చివర 50 మిల్లీమీటర్లు. లోకల్ ప్లేట్ల రంధ్రం 30 లోపే ఉంటది, ఎక్కవు. బార్, ప్లేట్లు ఒక్క దగ్గరే తీసుకోవాలె.

బ్యాచ్_టైమ్

6 వేల ఆఫర్ పెట్టకండి. కిరాయి 16, కరెంటు 6, ఊడ్చే మనిషికి 5, రిపేర్లకు 3, మీ జీతం 15 అనుకుంటే నెల ఖర్చు 45 వేలు. ఏడాదికి 6 వేలంటే నెలకు 500. 14 మంది చొప్పున ఐదు బ్యాచ్‌లు నిండితే 70 మంది, వచ్చేది 35 వేలే. హాలు కిక్కిరిసినా నెలకు 10 వేలు లోటు. నెలకు వెయ్యి పెడితే 45 మందితో ఖర్చు వెళ్తుంది.

ఇంకో ప్రమాదం. మొదటి నెలలో 50 మంది ఏడాది ఫీజు కడితే చేతిలో 3 లక్షలు కనబడతాయి. అందులో ఆ నెల సంపాదన 25 వేలే, మిగతాది మెంబర్లకు మీరున్న బాకీ. దాన్ని లాభమనుకుని పంచుకుంటే ఆరో నెలకు కిరాయి కట్టలేరు. మూడు నెలలకు మించి అడ్వాన్స్ తీసుకోవద్దు. అది కూడా వేరే ఖాతాలో వేసి, నెలకు మూడో వంతు చొప్పున ఇటు మార్చుకోండి.

బ్యాచ్‌లు పొద్దున 5:30, 6:30, పిల్లలు బడికి పోయాక 10:30, సాయంత్రం 5, 6:30. ఐదూ మీరొక్కరే చెప్తే రెండు నెలల్లో గొంతు, మోకాళ్లు రెండూ పోతాయి, రెండింటికి ఇంకొకరిని చూసుకోండి. బతుకమ్మ తొమ్మిది రోజులు సాయంత్రం ఎవరూ రారు, ఆ బ్యాచ్‌లను పొద్దుటికి జరపండి. ఎండాకాలం సెలవులకు పుట్టింటికి పోయేవాళ్లు డబ్బు వాపసు అడగకుండా, ఏడాదికి ఒకసారి 15 రోజుల పాజ్ ఇస్తామని రసీదు మీదే రాయండి.

చుట్టాలకు ఫ్రీ అన్నదానికీ లెక్కుండాలి. ఒక్కో భాగస్వామి చుట్టాలకు రెండు ఫ్రీ సీట్లు. మూడో మనిషి ఫీజు ఆ భాగస్వామి వాటాలోంచి కోయాలి.

చేరేటప్పుడు బీపీ, షుగర్, థైరాయిడ్, మోకాలి నొప్పి, సిజేరియన్ అయి ఎన్నాళ్లయిందో ఫారంలో రాయించుకోండి. గుండె, బీపీ సమస్య ఉంటే డాక్టర్ చీటీ తెచ్చాకే మొదలుపెట్టండి.

రామగిరి_మరదలు

చానా థాంక్స్. ట్రెడ్‌మిల్ ఒక్కటే చెప్తం. తాగే నీళ్లకు ఇంటి బోరు ఉంది, కాచి పెడితే నడుస్తదా?

బ్యాచ్_టైమ్

నడవదు. మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. కాచితే అది పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు కూడా ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. నల్లా నీళ్లు గాని ఆర్ఓ గాని పెట్టి, ల్యాబ్‌లో ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. చెమట పట్టిన మనిషి మామూలుకంటే ఎక్కువే తాగుతుంది కదా.