వైకుంఠధామంలో సర్కారు తుమ్మ, పగిలిన దిమ్మె: ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: తెలంగాణలో మా ఊరి వైకుంఠధామం (శ్మశానవాటిక) నిండా సర్కారు తుమ్మ, దహన దిమ్మె బీటలు. నోటిమాటగా చెబితే కదలడం లేదండీ. దారేంటి?

జవాబు: పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇచ్చి, రెండో ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోండి. సర్వే నంబరు, ఫొటోలు జతచేయండి. "బాగోలేదు" అంటే పక్కన పడేస్తారు; "దిమ్మె తూర్పు అంచున బెత్తెడు బీట, బోరు మోటారు ఆడదు" అని రాయండి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి.

జవాబు: తుమ్మను పైపైన నరికితే వానలకు మళ్లీ గుబురుగా లేస్తుంది, బిల్లు మాత్రం అయిపోతుంది. అడుగు లోతు తవ్వి మొదలు తీయించాలి. సమాధుల దగ్గర జేసీబీ వద్దండీ, కూలీలతోనే చేయించండి.

జవాబు: బీటకు సిమెంటు పూస్తే మంట వేడికి పెచ్చులూడుతుంది. వేడిని తట్టుకునే ఫైర్ ఇటుక, ఫైర్ క్లే (మట్టి) కావాలని అర్జీలోనే అడగండి. నిధుల లెక్కకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.