సౌండ్ రికార్డిస్టుగా మొదలైన కె. విశ్వనాథ్: ఆ పని ఆయన సినిమాల్లో కనిపిస్తుందా?

హన్మకొండ విద్యార్థిని:
అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ సెమినార్‌లో నాకు కె. విశ్వనాథ్ గారి టాపిక్ వచ్చింది. ఏ వ్యాసం తీసినా "గుంటూరులో బి.ఎస్సీ. చదివి మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో చేరారు" అని ఒక్క వాక్యం రాసి, నేరుగా శంకరాభరణంలోకి దూకేస్తున్నారు. ఆయన పుట్టింది 1930లో, మొదటి సినిమా ఆత్మగౌరవం వచ్చింది 1965లో. మధ్యలో చేసిన ఆ సౌండ్ పని ఎలా ఉండేది? దాని ప్రభావం దర్శకత్వం మీద నిజంగా ఉందా? స్లయిడ్లు శనివారం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాత ఆపరేటర్, వరంగల్:
బిడ్డా, మంచి ప్రశ్న అడిగినవ్. నేను వరంగల్ హాళ్లలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. స్టూడియోలో పనిచేయలేదు కానీ, వాళ్లు ఫిల్ము మీద ఎక్కించి పంపిన శబ్దాన్ని మళ్లీ బయటికి తీసింది మేమే. అందుకే ఆ పని గురించి కొంచెం తెలుసు.

ఆయన వాహినిలో చేరిన రోజుల్లో శబ్దాన్ని వెలుతురుగా మార్చి ఫిల్ము మీద పట్టేవాళ్లు. మైకులోకి పోయిన మాట కరెంటుగా మారుతుంది, ఆ కరెంటును బట్టి ఒక సన్నని వెలుగు చీలిక కదులుతుంది, ఆ కదలిక నెగెటివ్ మీద గీతగా పడుతుంది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. పట్టింది బాగుందా లేదా అన్నది, ల్యాబ్‌లో కడిగి ప్రింటు తీసేదాకా వినే వీలు లేదు. ఇప్పటోళ్లలాగా "ఒకసారి ప్లే చెయ్యి" అంటే కుదరదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, మీటరు ముల్లు చూస్తూ, టేక్ ఓకేనా కాదా అన్నది అక్కడికక్కడే చెప్పాలి. తప్పు చెప్తే ఫిల్ము వృథా, ఆర్టిస్టుల కాల్షీటు వృథా. ఏళ్ల తరబడి అలా కూర్చున్న మనిషి ఆర్టిస్టు గొంతు ఎక్కడ బిగుసుకుంటోంది, ఎక్కడ ఊపిరి అందడం లేదు అన్నది కళ్లు మూసుకుని పట్టేస్తాడు.

మా ప్రొజెక్టర్ క్యాబిన్ సంగతి కూడా చెప్తా. బొమ్మ ప్రొజెక్టర్ గేటు దగ్గర, అంటే ఫిల్ము మీద వెలుగు పడే చిన్న కిటికీ దగ్గర పడుతుంది, శబ్దం దాని కింద ఫిల్ము చుట్టుకుని పోయే సౌండ్ డ్రమ్ దగ్గర పలుకుతుంది. అక్కడ ఎగ్జైటర్ ల్యాంప్ అని చిన్న బల్బు ఉంటుంది. దాని వెలుగు ఆ గీతల్లోంచి పోయి అవతల వెలుగును కరెంటుగా మార్చే ఫోటోసెల్ మీద పడాలి. రెండు చోట్ల మధ్య దూరం ఉంది కాబట్టి, ప్రింటులో శబ్దాన్ని బొమ్మకన్నా సుమారు 20 ఫ్రేములు ముందుకు జరిపి ఉంచుతారు. ఫిల్ము ఎక్కించేటప్పుడు కింది లూపు, అంటే వదులుగా వదిలే ఫిల్ము మడత, రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా మామూలు ప్రేక్షకుడు పట్టించుకోడు. శంకరాభరణం ఆడించేటప్పుడు మాత్రం నేను ఆ లూపు మళ్లీ మళ్లీ చూసుకునేవాణ్ణి. సోమయాజులు గారి పెదవి కదిలిన క్షణానికి బాలు గారి గొంతు పడకపోతే ఆ మనిషే పాడుతున్నాడన్న నమ్మకం పోతుంది. దర్శకుడు అంత జాగ్రత్తగా కుదిర్చి పంపింది మా చేతిలో చెడిపోవద్దు కదా!

ఇక నీ ప్రశ్న. నా మట్టుకు నాకు ప్రభావం ఉందనే నమ్మకం. శంకరాభరణంలో సంగీత సాధన మధ్యలో కూతురి స్వరం తప్పగానే "శారదా!" అని ఒక్క కేక పడుతుంది చూడు. ఆ తండ్రి ఎలాంటివాడో చెప్పడానికి ఇంకో డైలాగు అక్కర్లేదు. చివరి కచేరీలో ఆ తండ్రి శంకరశాస్త్రిగారి గొంతు ఆగిపోతే శిష్యుడైన పిల్లవాడు పాట అందుకుంటాడు. కథంతా ఒక గొంతు ఆగి ఇంకో గొంతు మొదలవడంలోనే ముగిసింది. సిరిసిరిమువ్వ (1976)లో హీరోయిన్ మూగది, సిరివెన్నెల (1986)లో హీరోకు చూపు లేదు, హీరోయిన్‌కు మాట లేదు. చెవితో ఆలోచించే మనిషికే ఇలాంటి కథలు తడతాయి.

డబ్బింగ్ ఇంజనీర్, సొంతూరు కరీంనగర్:
ఆపరేటర్ బాబాయి చెప్పినదానికి ఒకటి కలుపుతాను. వాహినిలో సౌండ్ విభాగానికి పెద్ద ఎ. కృష్ణన్ గారు. విశ్వనాథ్ గారు పని నేర్చుకుంది ఆయన దగ్గరే. దర్శకుడయ్యాక కూడా తన ఆలోచనలు ఆయనతో చర్చించేవారట. చెల్లీ, ఈ పేరు స్లయిడ్‌లో తప్పకుండా పెట్టు, ఎవరూ రాయరు. ఆ రోజుల్లో పాట రికార్డింగ్ అంటే గాయకులు, వాద్యాలు అంతా ఒకేసారి. చివరి చరణంలో ఒక వయొలిన్ జారినా మళ్లీ మొదటికే. నేను ఇప్పుడు ఒక్కో పదం విడిగా అతికిస్తాను. ఆ ఓపిక నాకైతే లేదు.

విశ్రాంత తెలుగు టీచర్, మంచిర్యాల:
అన్నీ సౌండుకే అంటగట్టకండి. కృష్ణన్ గారి పేరు పెడితే దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారి పేరు ఇంకా పెద్దక్షరాల్లో పెట్టాలి. అన్నపూర్ణా పిక్చర్స్‌లో ఆదుర్తి దగ్గర పనిచేశాకే ఆయన దర్శకుడయ్యారు, మొదటి సినిమా కూడా ఆ సంస్థదే. కథను ఇంటి మనుషుల మధ్య నడపడం అక్కడ అబ్బిన విద్య. పైగా కె.వి. మహదేవన్, వేటూరి లేకుండా శంకరాభరణం ఉందా?

పాత ఆపరేటర్, వరంగల్:
సార్, ఆదుర్తి గారి విషయం ఒప్పుకుంటా, బిడ్డ అది రాయాల్సిందే. మహదేవన్ మామ పాట ఇచ్చారు, నిజమే. కానీ ఆ పాట సినిమాలో ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ తెగాలి అన్నది దర్శకుడి చెవి. అక్కడ మాత్రం నేను తగ్గను. ఇంకోటి, ఆయన సెట్‌లో ఖాకీ బట్టలే వేసుకునేవారు. డైరెక్టర్ అయ్యాక కూడా తానూ పనివాళ్లలో ఒకడినని గుర్తుండాలని. ఫాల్కే అవార్డు వచ్చింది, పద్మశ్రీ వచ్చింది, అవి అందరూ రాస్తారు. నువ్వు ఈ ఖాకీ సంగతి రాయి.

హన్మకొండ విద్యార్థిని:
అందరికీ చాలా థ్యాంక్స్. తాతా, క్లాసులో ఒక్క సీనే చూపించే టైముంది. ఏది పెట్టమంటారు?

పాత ఆపరేటర్, వరంగల్:
చివరి కచేరీ పెట్టు. సెల్‌ఫోన్ స్పీకర్‌లో మాత్రం పెట్టకు బిడ్డా, కాలేజీలో మంచి స్పీకర్లు అడిగి తీసుకో. ముందు బొమ్మ ఆపేసి శబ్దం ఒక్కటే వినిపించు, ఆ తర్వాత బొమ్మతో చూపించు. పిల్లగాడు పాట అందుకునే ముందు ఎంతసేపు ఖాళీ వదిలారో అప్పుడే తెలుస్తది.